చిల్లు పెట్టని పెద్దమనిషి

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఫిబ్రవరి సగం దాటాక ఎదురుపడ్డ మనిషిని కులాసా అడగరు. "చిల్లు పెట్టేశావా?" అని అడుగుతారు. పెట్టేసినవాడు బకెట్ల లెక్క చెబుతాడు. పెట్టనివాడు జేబుల్లో చేతులు దోపుకుని ఆకాశం కేసి చూస్తాడు. మనకు కావలసింది ఈ రెండో ఆయన.

ఈయన లేని ఊరు ఆ రాష్ట్రంలో ఉండదు. అరవై దాటి ఉంటాయి. ఉద్యోగమేదో చేసి విరమించాడు. ఇంటి వెనక ఓ పన్నెండు షుగర్ మేపుల్ చెట్లున్నాయి. వాటికి చిల్లు పెట్టి, కారిన రసాన్ని కాచి పాకం తీస్తాడు. బర్లింగ్టన్ చుట్టుపక్కల కాపురం పెట్టిన తెలుగువాళ్లకు పక్కింటాయనగా తగిలేది ఇలాంటి మనిషే. వాకిట్లో మంచు ఎత్తడానికి పార అరువివ్వడంతో మొదలైన పరిచయం, నెల తిరిగేసరికి రేపు తెల్లవారుజామున మైనస్ ఎంతకు దిగుతుందన్న చర్చ దాకా వస్తుంది. మనవాడు మర్యాదకి ఊఁ కొడతాడు. ఊఁ కొట్టినవాణ్ని ఈయన ఇక వదలడు.

సరంజామాకు లోటు లేదు. క్రిస్మస్ మర్నాడే డ్రిల్లు బ్యాటరీ ఛార్జింగుకి పెట్టాడు. బకెట్లు కడిగి గ్యారేజీలో బోర్లించాడు. 5/16 అంగుళం బిట్టు కొత్తది తెచ్చాడు, పాత 7/16 బిట్టు చెట్టుకి అనవసరంగా పెద్ద గాయం చేస్తుందని. చిల్లులో దిగ్గొట్టే గొట్టాలను వేడినీళ్లలో మరిగించి, తుడిచి, వరసగా పేర్చాడు. సంక్రాంతి నాటికి అన్నీ సిద్ధం. ఇక కావలసిందల్లా ఒక రోజు.

ఆ రోజు దగ్గరే వచ్చింది చిక్కంతా. మేపుల్ చెట్టు మహా పేచీకోరు. రాత్రి గడ్డకట్టాలి, పగలు కరగాలి. ఉరామరికగా రాత్రి మైనస్ 4 డిగ్రీలు, పగలు ప్లస్ 5. చలికి చెట్టు లోపలి గాలి బుడగలు ముడుచుకుపోయి కింది నుంచి నీటిని పైకి లాక్కుంటాయి. ఎండ తగలగానే అవే బుడగలు ఉబ్బి, ఆ నీటిని దొరికిన చిల్లులోంచి బయటికి నెడతాయి. రాత్రి చలి లేకపోతే చెట్టు తాగదు, పగలు వెచ్చదనం లేకపోతే కక్కదు. ఇంతవరకూ శాస్త్రం తేల్చేసింది. అలాంటి రాత్రీ అలాంటి పగలూ జతగా ఎప్పుడు దిగుతాయో తేల్చే పని మాత్రం మన పెద్దమనిషి మీద పడింది.

పోనీ, ముందే పెట్టేసి కూర్చోవచ్చు కదా అంటారు. కుదరదు. మన ఊళ్లో తాటిచెట్టెక్కే గౌడన్న గెల చివర రోజూ కత్తితో కాస్త కాస్త చెక్కుతాడు. గాయం ఎప్పటికప్పుడు కొత్తది, కల్లు ఎప్పటికప్పుడు వస్తుంది. మేపుల్‌కి ఆ వెసులుబాటు లేదు. చిల్లు పెట్టిన క్షణం నుంచీ దాంట్లోకి సూక్ష్మజీవులు చేరతాయి. చెట్టు కూడా తన గాయాన్ని లోపలి నుంచి మూసుకుంటూ వస్తుంది. బకెట్టు తగిలించిన చిల్లు నాలుగు నుంచి ఆరు వారాలు పారితే గొప్ప. ఫిబ్రవరిలో రెండు వెచ్చటి రోజులు చూసి మురిసి పెట్టేశాడనుకోండి, ఆ వెనకే మూడు వారాలు మైనస్ 20 చలి పట్టుకుంటుంది. అసలు ధార వచ్చే నాటికి చిల్లు ముసలిదైపోతుంది. మార్చి దాకా ఆగాడనుకోండి, మొదటి ధార పోతుంది. బంగారు రంగులో తేలిగ్గా ఉండే పాకం వచ్చేది ఆ మొదటి ధారతోనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో డ్రిల్లు పట్టుకుని ఈయన.

పాతకాలం వాళ్లకి ఈ బెంగ లేదు. మార్చి మొదటి మంగళవారం వెర్మాంట్‌లో ఊరి సభలు జరుగుతాయి. రోడ్ల ఖర్చు, బడి ఖర్చు అన్నీ ఊరంతా కూర్చుని తేల్చుకునే రోజు. ఆ సభ నాటికి చిల్లులు పడాలన్నది తాతల నాటి లెక్క. మన పెద్దమనిషి కూడా చాలాకాలం ఆ లెక్కనే నమ్మాడు. 2012 మార్చిలో ఉన్నట్టుండి వేసవి వచ్చి మీద పడింది. కొన్ని పగళ్లు 25 డిగ్రీలు దాటాయి, మొగ్గలు ఉబ్బాయి, సీజను అర్ధాంతరంగా ముగిసిపోయింది. అప్పటి నుంచి ఆయనకు క్యాలెండరంటే పడదు. థర్మామీటరంటే అంతకు ముందు నుంచే పడదు.

మరి దేన్ని నమ్ముతాడు? అన్నిటినీ, కొంచెం కొంచెం. ఫోనులో నాలుగు వాతావరణ యాప్‌లున్నాయి. నాలుగూ నాలుగు రకాలుగా చెబితే మనసుకి నచ్చిందాన్ని పైకి జరుపుతాడు. పడమటి గాలికి రసం పారుతుందనీ తూర్పు గాలికి ముడుచుకుంటుందనీ అంటాడు. తెల్లారగానే చెట్ల మొదళ్ల చుట్టూ మంచు ఎంత మేర కరిగిందో చూసి వస్తాడు. గాలికి విరిగిన కొమ్మ చివర తియ్యటి ఐసు పుల్ల వేలాడుతుంటే కొరికి రుచి చూసి, తల పంకించి, ఏమీ చెప్పడు. ఫిబ్రవరి 2న పెన్సిల్వేనియాలో నేలపందికొక్కును బయటికి తీసి వసంతం ఎప్పుడని అడిగే తంతును చూసి పకపకా నవ్వుతాడు. నవ్వడం అయ్యాక, "ఇంతకీ ఏం చెప్పిందట?" అంటాడు.

కొండవాలున వేల చెట్లున్న ఆసామి జనవరిలోనే మొదలెట్టేస్తాడు. మొదలెట్టక తప్పదు, అన్ని చెట్లూ చుట్టి రావడానికే వారాలు పడుతుంది. పైగా ఆయనవి బకెట్లు కావు. చెట్టు నుంచి చెట్టుకి ప్లాస్టిక్ గొట్టాలు, చివర వాక్యూమ్ పంపు. బయటి గాలి అంతగా సోకదు కాబట్టి ఆ చిల్లులు ఎక్కువ రోజులు పనిచేస్తాయి. ఇదంతా మన పెద్దమనిషికి తెలుసు. తెలిసే అంటాడు, "అది వ్యవసాయం కాదయ్యా, ప్లంబింగు" అని.

ఆయనకు మహా ఇష్టమైన కబురు ఇంకొకటుంది. బెర్న్డ్ హైన్‌రిచ్ అనే జీవశాస్త్రవేత్త మెయిన్ రాష్ట్రపు అడవిలో ఎర్ర ఉడతల్ని గమనించి 1992లో ఒక పరిశోధన పత్రం అచ్చు వేశాడు. ఉడత మేపుల్ బెరడును పంటితో ఒక్క గాటు పెట్టి తన దారిన పోతుంది. కారిన రసంలో నీరు గాలికీ ఎండకీ ఆరిపోతుంది. అప్పుడు తిరిగొచ్చి, మిగిలిన తీపిని నాకుతుంది. కట్టెలు లేవు, పొయ్యి లేదు. వచ్చినవాళ్లందరికీ ఈ కథ చెబుతూ, తానే కనిపెట్టినంత గర్వపడతాడు. మొన్నొక ఉదయం ఆయన భార్య వంటింటి కిటికీలోంచి మూడో చెట్టు మీద గాటు చూపించింది.

"ఉడత పెట్టేసింది, చూశావా?"

"దానికేం? బకెట్లు కడుక్కునే పని లేదు కదా."

ఇంత శాస్త్రమూ, ఇంత శకునమూ నడిచాక చిల్లు ఎలా పడుతుందో చెప్పాలి. రోడ్డవతల ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. ఆయనవి తొమ్మిది చెట్లు. ఆయనకూ యాప్‌లున్నాయి, ఆయనా ఐసు పుల్లలు కొరుకుతాడు. ఈయన గాలి చూస్తున్నానని వాకిట్లో నిలబడేది నిజానికి రోడ్డవతల బకెట్టు మూతలు మెరుస్తున్నాయేమోనని. ఆయన పిట్టలకు గింజలు వేసే నెపంతో గంటసేపు కిటికీ దగ్గర నిలబడేదీ అందుకే. ఊరి సభలో కాఫీ దగ్గర ఇద్దరూ తారసపడతారు.

"ఏవోయ్, పెట్టేశావా?"

"ఏం తొందర? నువ్వో?"

"చూద్దాం."

ఆ సాయంత్రమే ఒకాయన గ్యారేజీ తలుపు గర్రుమంటుంది. రెండో ఆయన నిమిషాల్లో బూట్లు తొడుక్కుంటాడు. మైనస్‌లూ ప్లస్‌లూ అన్నీ గాలికి పోయాయి.

ఇక్కడి నుంచి మన పెద్దమనిషి వేరే మనిషి. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, నిరుటి చిల్లుల మచ్చలు వేలితో తడిమి, వాటికి దూరంగా కొత్త చోటు చూస్తాడు. బిట్టును కొంచెం పైకి వాలుగా పట్టి, రెండు అంగుళాలకు మించకుండా దించుతాడు. మంచు మీద పడ్డ తురుము అరచేతిలోకి తీసుకుని చూస్తాడు. మీగడ రంగైతే బతికున్న చెక్క, గోధుమ రంగైతే చోటు తప్పినట్టు. గొట్టాన్ని చిల్లులో పెట్టి సుత్తితో చిన్నగా కొడతాడు. టక్ టక్ అని పలికే చప్పుడు ఒక దెబ్బకి మందంగా మారుతుంది. అంతే, ఆపేస్తాడు; ఇంకో దెబ్బ పడితే చెక్క చీలుతుంది. పన్నెండు చెట్ల మీదా ఆ ఆఖరి దెబ్బ ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలుసు. అంత తెలిసిన చెయ్యి ఆరువారాలుగా జేబులో ఎందుకుందో మాత్రం అడక్కూడదు.

కాచడం గురించి ఎక్కువ చెప్పను. రసంలో చక్కెర 2 శాతం ఉంటే గొప్ప. 86ను ఆ శాతంతో భాగిస్తే ఒక లీటరు పాకానికి ఎన్ని లీటర్ల రసం కావాలో వస్తుంది, అంటే 43. పన్నెండు బకెట్ల సీజనంతా కాస్తే పది పన్నెండు లీటర్ల పాకం మిగులుతుంది. మొదట్లో వంటింట్లో కాచేవాడు. ఆ ఆవిరికి గోడకాగితం ఊడి వచ్చాక భార్య పొయ్యిని పెరట్లోకి తరిమింది. నురగ పొంగితే ఇంత వెన్న వేస్తాడు, 104 డిగ్రీలు దాటనివ్వడు, గరిటె అంచు నుంచి పాకం రేకులా జారితే దించేస్తాడు. ఇక్కడ ఏ తడబాటూ లేదు.

ఏప్రిల్లో గుంటల్లో కప్పలు అరవడం మొదలవుతుంది. మొగ్గలు ఉబ్బితే రసం వాసన మారుతుంది, పాకం నోట పెట్టనివ్వదు. ఆపేయాల్సిన వేళ. ఆయన మాత్రం ఇంకొక్క మంచు రాత్రి రాకపోదంటాడు. భార్య గరిటెతో నాలిక మీద వేసుకుని, మొహం చిట్లించి, గిన్నె పక్కకి జరుపుతుంది.

"బేక్డ్ బీన్స్‌లోకి పనికొస్తుంది" అంటాడు.

"ఎవరి బీన్స్‌లోకి?"

దానికి జవాబు చెప్పడు. గొట్టాలు పీకేయమంటే కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడతాడు. రోడ్డవతల ఆయన ఇంకా పీకలేదట.