పర్మిషనప్ప

బళ్ళారిలో పేటకొక పర్మిషనప్ప ఉంటాడు. ఆయన అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. కౌల్ బజార్‌లో చూసినా, బ్రూస్‌పేటలో చూసినా వాలకం ఒక్కటే. చంకలో ప్లాస్టిక్ ఫైలు, నుదుట విభూతి, జేబులో రెండు పెన్నులు. ఒకటి తనది. రెండోది ఏ అధికారిదో, సంతకం పడిన సంబరంలో తిరిగి ఇవ్వడం మరిచిపోయింది.

శ్రావణం సగం గడిచేసరికి ఆయనకు పూనకం వస్తుంది. చవితి పందిరి వేయాలంటే మహానగర పాలికె అనుమతి కావాలి, పోలీసుల ఒప్పుదల కావాలి, జెస్కాం వాళ్ళ తాత్కాలిక కరెంటు కావాలి, అగ్నిమాపక శాఖ కాయితం కావాలి. అన్నీ ఏకగవాక్షంలో ఇస్తామంటారు. గవాక్షం ఒకటే గానీ దాని వెనక బల్లలు నాలుగు. గుమాస్తా "నాళె బన్ని" అంటే మనమైతే ఇంటిదారి పడతాం. పర్మిషనప్ప అక్కడే బెంచీ మీద చేరి, ఆ గుమాస్తా కూతురి కాలేజీ సీటు సంగతి తీస్తాడు. సాయంత్రానికి ఫైలు కదులుతుంది. అధికారితో కన్నడం, షామియానా భాయితో ఉర్దూ, చందా ఎగ్గొట్టినవాడితో మాత్రం అచ్చ తెలుగు. తిట్టడానికి మాతృభాషే సుఖమట.

చట్టం ఆయనకు కంఠోపాఠం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 దాటితే మైకు మోగకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలూ అందులోనే ఉంది. ఆ 15 రోజులూ మన వీధికే రాసిపెట్టారని ఆయన నమ్మకం. పోలీసు జీపు కనబడగానే తానే మైకు పట్టుకుంటాడు. పది దాటింది కాబట్టి మైకు ఆపేస్తున్నామని, దాతల పేర్లతో సహా, పావుగంట మైకులోనే చెబుతాడు.

మన ఊరికి జీన్స్ ప్యాంట్లతో పేరుంది కదా, చందా పుస్తకంలో మొదటి పేజీ జీన్స్ ఫ్యాక్టరీ వారిదే. ఫ్లెక్సీలో వారి ఫొటో వినాయకుడి కన్నా జానెడు పెద్దది. అంగళ్ళ బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో చట్టం సవరించారు. అది అంగళ్ళ మాట. అయినా ఎందుకైనా మంచిదని పర్మిషనప్ప తన ఫ్లెక్సీని టేపు పెట్టి కొలిచాడు. మిగిలిన 40 శాతంలో తెలుగు, ఉర్దూ, కార్పొరేటరు చిరునవ్వు సర్దుకోవాలి.

ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం పెట్టబోమని ముచ్చలికా రాసిచ్చేదీ ఆయనే, ఊరేగింపు దారిని మ్యాపులో గీసిచ్చేదీ ఆయనే. తీరా నిమజ్జనమయ్యాక మట్టి వినాయకుడు తుంగభద్ర ఎగువ కాలువ పట్టుకుని అనంతపురం జిల్లాలోకి వెళ్ళిపోతాడు. ఏ పర్మిషనూ లేకుండా సరిహద్దు దాటేది ఆయనొక్కడే.

మన అప్పకు పూర్వీకులు లేకపోలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభ పెట్టి ఈ ఊళ్ళోనే పోటాపోటీగా తెలుగు నాటకాలు ఆడించారు. ఆ తర్వాత బళ్ళారి రాఘవ వచ్చాడు. ముగ్గురూ వకీళ్ళే. కాబట్టి ఇక్కడ మొహానికి రంగు పూసుకోవాలన్నా ముందు కాయితం తెలిసుండాలనేది పర్మిషనప్ప సిద్ధాంతం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారి మైసూరులో కలిసింది. అప్పటినుంచి పని రెట్టింపయింది: నాటకం తెలుగులో, దరఖాస్తు కన్నడంలో.

ఆయన చిన్నబోగా చూసింది ఒక్కసారే. 2023 జనవరిలో జిల్లా యంత్రాంగం తనంతట తానే బళ్ళారి ఉత్సవం జరిపింది. "ఎవుర్నీ అడక్కుండా చేసేది కూడా పండగేనా అప్పా?" అన్నాడు. అయినా పాసు సంపాదించి ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఆయన్ను చూసి మనం నవ్వుతాం. చందా లెక్కలు గుచ్చి గుచ్చి అడుగుతాం. కానీ దరఖాస్తు చివర "బాధ్యత వహించు వ్యక్తి" అని ఒక గడి ఉంటుంది. పందిరి కూలినా, తీగె తగిలినా, ఊరేగింపులో రాయి పడినా స్టేషన్‌కు పిలిచేది ఆ గడిలో ఉన్నవాణ్ణే. చందా ఇచ్చేవాళ్ళు పేటలో నూరుమంది ఉంటారు, ఆ గడిలో సంతకం పెట్టేవాడు ఒక్కడే. నవ్వేవాళ్ళు వచ్చే చవితికి ఆ పెన్ను ఒకసారి అడిగి తీసుకోండి. రెండు ఉన్నాయి, ఒకటి ఇస్తాడు.