తొక్కుడు డబ్బాలు

వాద్యానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని మనందరికీ చిన్నప్పుడే నేర్పారు. ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు ఆ నియమం పాటిస్తే పల్లవికీ చరణానికీ మధ్య వంగి లేవడంతోనే నడుం పడిపోతుంది. మా వాద్యంలో సగం నేల మీదే ఉంటుంది మరి. అరచేతిలో పట్టే లోహపు డబ్బా, పైన రెండు మూడు నాబ్‌లు, కాలితో నొక్కే స్విచ్: అదే పెడల్. నొక్కితే గిటారు గొంతు మారుతుంది. అలాంటివి కొన్నిటిని ఒక చట్రం మీద అంటించి, వైర్లతో కలిపితే పెడల్‌బోర్డు. ఇక చాలు, పూర్తయింది అని చెప్పిన గిటారిస్టుని మాత్రం నేనింతవరకు చూడలేదు.

అసలీ వ్యాపారం మొదలైందే ఒక రిపేరుతో. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే మిక్సర్‌లో ఏదో పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ కాస్తా గరగరలాడింది. మనమైతే మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. వాళ్ళు ఆ గరగరతోనే పాట విడుదల చేశారు. పైగా ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ పాడు చప్పుణ్ణే కావాలని పుట్టించే సర్క్యూట్ కనిపెట్టాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అంగట్లోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక గరగరకి గిరాకీ పెరిగింది. అప్పట్నుంచి, శుభ్రంగా పలికే గిటారుని డబ్బు పెట్టి పాడుచేసుకోవడం మా కులాచారం.

డబ్బాలు కొనడం ఒక ఎత్తు, వాటి వరస ఒక ఎత్తు. ముందు ట్యూనర్, తరవాత వా, ఆపైన ఓవర్‌డ్రైవ్, కోరస్, చివర డిలే, రివర్బ్ అన్నది పెద్దల మాట. డిలే పని మనం వాయించిన స్వరాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించడం. దాన్ని ఓవర్‌డ్రైవ్‌కి ముందు పెడితే ఆ ప్రతిధ్వనులన్నీ గరగరలో పడి ముద్దయిపోతాయి. అలాగని పెద్దల మాట వింటే ఆదివారాలు ఎలా గడుస్తాయి? పోపు ముందు వేసినా చివర వేసినా అవే ఆవాలు, అదే ఇంగువ. రుచి మాత్రం వేరు కదా! అందుకని వారం వారం డబ్బాలు ఊడబెరికి మళ్ళీ అంటిస్తుంటాను. వెల్‌క్రో చర్రుమనగానే వంటింట్లోంచి “మొదలైందా?” అని వినిపిస్తుంది. మా ఆవిడ లెక్కలో నేను వాయించే వాద్యం వెల్‌క్రో.

ఎండాకాలం వస్తే ఇంకో తంటా. జిమీ హెండ్రిక్స్ వాడిన గరగర పెడల్ ఫజ్ ఫేస్ 1966లో పుట్టింది. ఆ తరహా జెర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ ఒకటి నా దగ్గరుంది. జెర్మేనియానికి వేడి పడదు. ఉక్క పెరిగేకొద్దీ లోపల కరెంటు లీకై, గొంతు కీచుమని, చివరికి తెగి తెగి పలుకుతుంది. లండన్ చలికి పుట్టిన సరుకు, హైదరాబాదు మే నెలకి ఏం తట్టుకుంటుంది? ఫ్యాన్ వేద్దామా అంటే రెగ్యులేటర్ రొద గిటారు పికప్‌లలో దూరి జుయ్యిమంటుంది. ఫ్యాన్ వేస్తే గిటారుకి కష్టం, ఆపితే ఫజ్‌కి కష్టం. నా కష్టం ఎవరూ అడగలేదు.

అప్పుడే, కరెంటాఫీసులో చేసి రిటైరైన మా మామగారు వచ్చారు. “మీ అల్లుడికి నువ్వైనా చెప్పు నాన్నా” అని మా ఆవిడ ఆయన్ని నా గదిలోకి తోలింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాసేపు విని, “ఇది సంగీతమా, ఎర్తింగ్ ప్రాబ్లమా అల్లుడుగారూ?” అన్నారు.

“రెండూనండీ మావయ్యగారూ.”

ఆయన లేచి రెగ్యులేటర్ తిప్పారు. రెండులో జుయ్యి, అయిదులో నిశ్శబ్దం. “ముందు ఈ ముసలిదాన్ని మార్పించండి” అని, నేల మీద గొంతుక్కూర్చున్నారు. ఒకే అడాప్టర్ నుంచి అన్ని డబ్బాలకీ గొలుసులా వెళ్తున్న వైరు చూసి ఆయన మొహం మాడిపోయింది. “ఫజ్‌కి పట్టుమని 2 మిల్లీయాంపులు లేవు, ఈ డిజిటల్ రివర్బ్ 300 లాగుతోంది. ఇద్దరికీ ఒకే లైనా? దాని రొద దీనికి రాకేం చేస్తుంది?” ప్లగ్గులో నెగెటివ్ మధ్యలో, పాజిటివ్ బయట ఉంటాయని చెబితే ఆయన ఆ రాత్రి సరిగా భోంచెయ్యలేదు.

దేని లైను దానికి విడిగా ఉండే పవర్ సప్లయ్ తెప్పించాం. ఆయనే శుభలేఖ వెనకవైపు లోడు పట్టిక గీశారు, టెస్టర్ పట్టుకుని బిగించారు. రొద పోయింది.

“చెప్పావా నాన్నా?” అంటూ మా ఆవిడ కాఫీలతో వచ్చింది.

“చెప్పకేం తల్లీ? ఎనిమిది లైన్లు, ఏడే కనెక్షన్లు. ఒకటి ఖాళీ. మంజూరైన లోడు వాడకుండా వదిలేస్తారా ఎవరైనా?”

ఆయన తిరుగు టికెట్టు రద్దు చేయించుకున్నారు. కొత్త డబ్బా పార్సిల్ వచ్చేదాకా ఇక్కడే ఉంటారట.