ఎవరి మీద? – ఓ క్యాప్‌ల్యాంపు ఆత్మకథ

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయి. ల్యాంపు రూములో వరసగా చార్జింగుకు పెట్టిన దీపాల్లో ఈ దీపమూ ఒకటి. పేరు లేదు, నంబరుంది. ఆ నంబరే ఒక మనిషి గుర్తు. షిఫ్టు అయిపోయినా దాని గూడు ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. అందుకేనేమో, తన కథ చెప్పుకునేటప్పుడు కూడా ఈ దీపానికి ‘నేను’ అనడం అలవాటు కాలేదు. తనను మోసిన తలల కథే తన కథ.

ఆ తలలు మాట్లాడుకోగా విన్న మాటల్లో దీన్ని ఎక్కువగా వేధించింది ‘ఓవర్’. ఓవర్‌మెన్ దిగిండా? ఓటీ రాసిండ్రా? ఓబీ పని ఎవరికి పోయింది? ఓటీలోనూ ఓబీలోనూ ఉన్న ‘ఓ’ ఓవరే. మస్టరు పడి ఎనిమిది గంటలైతే డ్యూటీ ‘ఓవరైంది’. ఎవడైనా మరీ ఎగిరితే ‘ఓవర్ చెయ్యకురా’. ఒక్క చిన్న మాట ఇన్ని పనులు ఎట్లా చేస్తుందో ఈ దీపానికి చాలాకాలం అంతుపట్టలేదు.

ఒకరోజు కొత్తగా చేరిన ట్రైనీ దీన్ని టోపీకి తగిలించుకుని దిగాడు. నడుస్తూ నడుస్తూ ఓవర్‌మెన్‌ను అడిగాడు: “సార్, పేర్ల ఓవర్ ఉన్న మీరు చిన్న, అండర్ ఉన్న అండర్ మేనేజర్ సారు పెద్ద. గిదేంది?”

ఓవర్‌మెన్ ఆగాడు. “నా కింద సర్దారు, కార్మికులు ఉన్నరు. వాళ్ల మీద నేను, గందుకే ఓవర్‌మెన్. ఆయన మేనేజరు కింద ఉన్నడు, గందుకే అండర్ మేనేజరు. మీద, కింద అని ఊకె అంటే ఏం తెలుస్తది బిడ్డా? ఎవరి మీద, ఎవరి కింద అని అడగాలె.”

ఆ మాటతో చిక్కుముడి విడింది. ఓవర్‌మెన్ అన్న పేరు ఇంగ్లండు ఉత్తరాది బొగ్గుగనుల నుంచి వచ్చింది. ఇంగ్లీషులో ఓవర్ ముందొస్తుంది, అది దేని మీదో తర్వాత వస్తుంది. తెలుగులో ముందు మనిషి, తర్వాతే ‘మీద’. తల మీద, బొగ్గు మీద, నీ మీద. అయితే మన ‘మీద’కు ఒక వెసులుబాటుంది. టోపీ మీద దీపం అంటాం, తల మీద కప్పు అంటాం. దీపం టోపీకి తగిలి ఉంది కనుక ఇంగ్లీషులో అది ‘ఆన్’. కప్పు తలకు తగలకుండా పైన ఉంది కనుక ‘ఓవర్’. నిండా కప్పేసినదైతే తగిలి ఉన్నా ఓవరే. దుప్పటి అట్లాంటిది, బొగ్గు పైన ఉన్న మట్టీ అట్లాంటిదే.

ఆ మట్టే ఓవర్‌బర్డెన్, అంటే ఓబీ. టన్ను బొగ్గు తీయడానికి ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి ఎత్తాలన్నది ఓపెన్‌కాస్టుల్లో మొదటి లెక్క. ఎత్తిన మట్టి గుట్టలై గోదావరిఖని చుట్టూ నిలబడింది. బర్డెన్ అంటే బరువు. బొగ్గు వైపు నుంచి చూసినవాళ్లు పెట్టిన పేరు అది. ట్రైనీ తాత ఆ మట్టిలోనే పత్తి వేసేవాడట. ఆయనకది బరువు కాదు, చేను. ఈ దీపం ఆ పేరును ఇప్పటికీ మనసారా పలకలేదు.

పత్రికలు ఓపెన్‌కాస్టును ‘ఉపరితల గని’ అని రాస్తాయి. అందులోని సంస్కృత ‘ఉపరి’, ఇంగ్లీషు ‘ఓవర్’ ఒకే మూలం నుంచి వచ్చిన తోబుట్టువులు. గ్రీకు ‘హైపర్’, లాటిన్ ‘సూపర్’ కూడా ఆ ఇంటివే. బీపీ బిళ్ల మింగే ముసలి కార్మికుడి హైపర్‌టెన్షన్‌లో, పైన నిలబడి చూసే సూపర్‌వైజర్‌లో అదే మాట వేషం మార్చుకుని ఉంది. ఎక్కడో విడిపోయిన చుట్టాలు గోదావరి ఒడ్డున, బొగ్గు దగ్గర కలుసుకోవడం ఈ దీపానికి ఎంతో సంబరం.

ఓటీలో, అంటే ఓవర్‌టైమ్‌లో, మాత్రం ఓవర్ అంటే ‘మీద’ కాదు, ‘దాటి’. భూమి పైన రోజుకు 9 గంటలు, లోపల 8 గంటలు దాటినా, వారానికి 48 గంటలు దాటినా ఆ అదనపు పనికి కూలి రెట్టింపు అని 1952 గనుల చట్టం 33వ సెక్షన్ చెప్పింది. పైన ఒక గంట, లోపల ఒక గంట సమానం కాదని చట్టమే ఒప్పుకుంది. చెమటకు తడిసిన టోపీకి ఆ సంగతి ఎప్పటినుంచో తెలుసు.

ఆ రోజు షిఫ్టు సగంలో ట్రైనీ పనిచోటుకు చేరబోతుంటే ఓవర్‌మెన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “లైటు పైకి కొట్టు.” దీపం వెలుగు కప్పు మీద పడింది. ఆయన కర్రతో తట్టాడు. ఖంగుమంది, గట్టి. ఇంకో అడుగు అవతల తట్టాడు. డొల్ల చప్పుడు. పొర విడిందన్నమాట. అందర్నీ తన వెనక్కి పంపి, ఆఖరి సపోర్టు కింద తాను నిలబడి, పొడుగు గడ్డపార పైకి పెట్టి లాగాడు. మంచమంత రాతిపెళ్ల దబ్బున కింద పడింది. దుమ్ములో ఈ దీపం వెలుగు కాసేపు పసుపు ముద్దలా కనిపించింది. ఎవరూ మాట్లాడలేదు. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, పక్కగోడ మీద తేదీ వేసి సంతకం పెట్టాడు.

షిఫ్టు దిగాక ట్రైనీ దీపాన్ని ల్యాంపు రూములో ఇచ్చాడు. గూట్లో పెట్టాక పక్క గూళ్లు కూడా ఒక్కొక్కటే నిండాయి. ఓవర్‌మెన్ దీపం అన్నిటికన్నా ఆఖరున వచ్చింది.