ద్వికవాట శీతపేటికా పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

రెండు తలుపు లుండు నిండుగా నింటిలో
మంచు కెడమ, పాలు మజ్జి గవల
నడుమ గోడ నిలిచె, వెడలుపు గిన్నెకు
చోటు లేదు సుమ్ము చూడు మయ్య!

అవతారిక: కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచలం మల్లినాథసూరి మెదక్ సీమలోని కొల్చారం వాడని ప్రతీతి. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చి పని మొదలుపెట్టాడు. ఈ వ్యాఖ్యాత అంత మాట ఇవ్వలేడు. పైగా మల్లినాథుడికి కాళిదాసు దొరికాడు, ఈయనకు ఎవరూ దొరక్క పద్యం కూడా తానే అల్లుకోవలసి వచ్చింది. కనక తప్పులుంటే కవినీ వ్యాఖ్యాతనూ విడివిడిగా తిట్టే శ్రమ పాఠకులకు లేదు.

సందర్భం అందరికీ తెలిసిందే. గృహప్రవేశమైంది, సత్యనారాయణ వ్రతమైంది, ఆరువందల పైచిలుకు లీటర్ల కొత్త ఫ్రిజ్ హాల్లో మెరుస్తోంది. మిగిలిన పులిహోర బేసిన్ చేతుల్లో పట్టుకుని ఇంటి పెద్దావిడ రెండు తలుపులూ బార్లా తీసి నిలబడింది. ఆ క్షణంలో ఆవిడ నోట వెలువడిన మాటే ఈ పద్యం.

'రెండు తలుపులు': ఇక్కడ తొందరపడి అర్థం చెప్పకూడదు. షోరూము భాషలో 'డబుల్ డోర్' అంటే పైన చిన్న తలుపు, కింద పెద్ద తలుపు. కవి చెప్పేది అది కాదు. ఇది 'సైడ్ బై సైడ్', బీరువాలాగా నిలువునా రెండు రెక్కలు. బీరువా పోలిక ఊరికే తెచ్చింది కాదు. పాత ఇళ్ళ పడగ్గదిలోని ఇనప బీరువా వెడల్పు దాదాపు మూడడుగులు, దీని వెడల్పు 91 సెంటీమీటర్లు, అంటే అదే మూడడుగులు. ఎత్తు 178కి అటూ ఇటూ, బరువు నూరు కిలోల పైమాట. బీరువాలకు పేరుపడ్డ గోద్రెజ్ వారే 1958లో ఈ దేశంలో ఫ్రిజ్‌ల తయారీ మొదలుపెట్టారు గనక రెంటికీ చుట్టరికం కూడా కలుస్తుంది. పక్కపక్క తలుపుల పుట్టిల్లు మాత్రం అమెరికా. అయోవా రాష్ట్రంలోని అమానా కంపెనీ 1949లోనే ఇలాంటిది తెచ్చింది.

'నిండుగా నింటిలో': కవి 'వంటింటిలో' అనకుండా 'ఇంటిలో' అన్నాడు, గమనించాలి. ఛందస్సు కోసం అన్నాడనుకుంటే పొరపాటు. ఫ్లాట్లలో వంటింటి గుమ్మం చాలాచోట్ల రెండున్నర అడుగులు. మూడడుగుల పెట్టె అందులోంచి ఎదురుగా వెళ్ళదు. పక్కకు తిప్పితే లోతు అడ్డొస్తుంది. అప్పుడు తెచ్చిన వాళ్ళు పైన బందుల మూత విప్పి, వైరు జాయింటు ఊడదీసి, తలుపుకు నీటి గొట్టం ఉంటే అదీ విడదీసి, రెండు తలుపులూ గోడకు చేరవేసి, ఉత్త మొండేన్ని లోపలికి నడిపించాలి. ఇది కుదిరిన ఇళ్ళున్నాయి. కుదరని ఇళ్ళలో అది టీవీకి ఎదురుగా హాల్లోనే కాపురం పెట్టింది. 'ఇంటిలో' అన్న పదానికి సార్థకత అక్కడుంది.

'మంచు కెడమ': మంచుకు + ఎడమ. ఈ జాతి ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ ఎడమ పక్కన ఉండడం దాదాపు ఆచారమైపోయింది. అక్కడ మైనస్ 18 డిగ్రీలు, కుడి పక్కన 3, 4 డిగ్రీలు. మంచు అనే మాట తేలిగ్గా వాడేస్తున్నాం గానీ, ఒకప్పుడు అది ఓడెక్కి వచ్చిన సరుకు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, రంపపు పొట్టులో పొదిగి 1833లో కలకత్తాకు పంపాడు. మద్రాసులో ఆయన సరుకు దాచడానికి 1842లో కట్టిన ఐస్‌హౌస్ మెరీనా ఎదుట ఇప్పటికీ ఉంది. 1897లో వివేకానందుడు బస చేసిన ఆ భవనమే నేటి వివేకానందర్ ఇల్లం. ఆ ఓడ సరుకు ఇప్పుడు ఎడమ తలుపు వెనక ట్రేలో పడి ఉంటుంది, బంధువులు వచ్చిన రోజున తప్ప ఎవరూ పట్టించుకోరు.

పాఠాంతరం: 'మంచు కడుగు' అని మరో పాఠం. మంచుకు + అడుగు, అంటే ఫ్రీజర్ అడుగున సొరుగుగా ఉండే ఫ్రెంచ్ డోర్ శాఖ వారి పాఠం ఇది. దీన్నే 'మంచు, కడుగు' అని విడదీసి చదివేవారు ఒక తరం వెనకటి వాళ్ళు. వారి ఫ్రిజ్‌లో మంచు పేరుకుంటే బటన్ నొక్కి, కింద పాతగుడ్డలు పరిచి, ఆదివారమంతా కడుక్కోవాల్సి వచ్చేది. ఇప్పటి ఫ్రాస్ట్ ఫ్రీ యంత్రం ఆ పని తనే చేసుకుంటుంది. ఫ్రీజర్ వెనక రేకుచాటున ఉన్న చల్లని గొట్టాలకు ఎప్పటికప్పుడు హీటరు సెగ తగిలి మంచు కరుగుతుంది. ఆ నీరు సన్నటి గొట్టంలోంచి జారి కంప్రెసర్ దగ్గరి పళ్ళెంలో పడి, అక్కడి వేడికే ఆవిరైపోతుంది. ఆ గొట్టం పూడుకుపోయిన రోజున నీళ్ళు లోపలే నిలిచి, ఫ్రీజర్ అడుగున అద్దంలాంటి మంచుపలక కడుతుంది. దాన్ని చాకుతో పొడిచి తీయబోవడం మహాదోషం. ఇప్పటి ఫ్రిజ్‌లలో తిరిగేది ఎక్కువగా ఐసోబ్యూటేన్, మండే గుణమున్న వాయువు. ఉండేది గ్రాముల లెక్కలోనే అయినా గొట్టానికి చిల్లు పెట్టుకోవడం ఎందుకు?

'నడుమ గోడ నిలిచె': పద్యానికి ఆయువుపట్టు ఇదే. చూడ్డానికి గోడే గానీ చాలా మోడళ్ళలో అది పూర్తి అడ్డు కాదు. చల్లని గొట్టాలు ఎడమ పక్కనే ఉంటాయి. అక్కడి చలిగాలినే ఫ్యాను తోసి, గోడలోని చిన్న కిటికీ గుండా కుడి పక్కకు పంపుతుంది. అంటే రెండు గదులకూ ఊపిరి ఒకటే. ఎడమ పక్క సరిగ్గా మూతపెట్టని చేపల డబ్బా ఉంటే, కుడి పక్క పెరుగుకు ఆ సంగతి తెలిసిపోతుంది. గోడలకు చెవులుంటాయని పెద్దలన్నారు. ఈ గోడకు ముక్కు ఉంది. శాకాహారులూ మాంసాహారులూ కలిసి ఉండే ఇళ్ళలో 'వాళ్ళ పక్క వాళ్ళది, మా పక్క మాది' అని కొన్నవారు, రెండు పక్కలకూ వేర్వేరు చల్లని గొట్టాలున్న మోడలేనా అని ముందే అడగవలసింది.

'వెడలుపు గిన్నెకు చోటు లేదు': లెక్క చూద్దాం. మూడు వందల యాభై లీటర్ల మామూలు డబుల్ డోర్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, లోపలి గూడు దాదాపు 50. ఈ మహాకాయం 91 సెంటీమీటర్లలో మూడు గోడల మందం పోగా, మిగిలింది రెండు వాటాలు. కుడి వాటాకు 45 లోపు, ఎడమ వాటాకు 30 అటూ ఇటూ. రెట్టింపు డబ్బు పెట్టి ఇరుకు గూడు కొనుక్కున్నట్టయింది! తెలుగు వంటింటి పాత్రలా, అన్నీ అడ్డంగా పెరిగినవే. దోసెల పిండి గిన్నె, పెరుగు తోడుపెట్టిన వెడల్పు గిన్నె, చెవులున్న సాంబారు పాత్ర, పెళ్ళివారిచ్చిన మిఠాయి అట్టపెట్టె, ఏవీ నిటారుగా నిలబడడం నేర్చుకోలేదు. పుట్టినింట కూడా ఇదే రొద. అమెరికాలో పెద్ద పిజ్జా పెట్టె ఫ్రీజర్లో పట్టదని ఎప్పటినుంచో గొణుగుడు ఉంది. అక్కడి తెలుగువాళ్ళు కరివేపాకు, మునక్కాడల ముక్కలు, కొబ్బరి కోరు సంచుల్లో కట్టి ఆ సన్నటి అరల్లో నిలబెట్టేస్తారు. అంతకు మించినదానికి గరాజులో రెండో ఫ్రిజ్ పెట్టుకుంటారు.

'సుమ్ము': పాదపూరణం, నొక్కి చెప్పడం తప్ప వేరే అర్థమేమీ లేదు. ఎడమ తలుపుకు ఉండే ఐసు, నీళ్ళ కుళాయి కూడా ఇటువంటిదే. పాదం నిండుతుంది, షోకేసు నిండుతుంది. గొట్టపు నీళ్ళకు కలిపిన మోడలైతే ఫిల్టరు ఆరు నెలలకోసారి మార్చాలి. మార్చినవారిని వ్యాఖ్యాత ఇంకా చూడలేదు.

'అయ్య': అల్లుడని ఒక పక్షం, మామగారని మరో పక్షం. ఫ్రిజ్ దింపి సంతకం కోసం నిలబడ్డ కుర్రాడని నవ్యులు.

అలంకారం: విరోధాభాసం. శీతపేటిక పక్కలు పట్టుకుంటే వేడిగా ఉంటాయి. కంగారుపడి మెకానిక్‌ను పిలిచేవారున్నారు. పరిహారం ఏమిటంటే, ఫ్రిజ్ చలిని పుట్టించదు, లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. పాతవాటికి ఆ పారబోత వెనక నల్లటి జాలీ దగ్గర జరిగేది. ఇప్పుడా గొట్టాలు పక్క రేకుల చాటున ఉన్నాయి. రెండు తలుపులూ కలిసే చోట నడుమ పట్టీ గోరువెచ్చగా ఉండేది అక్కడ చెమ్మ పట్టకుండానే. అందుకే రెండు పక్కలా నాలుగు వేళ్ళ సందు వదలమంటారు. వడ్రంగి చేత అంగుళం సందు లేకుండా చుట్టూ అల్మరా కట్టించిన వారు కంప్రెసర్‌కు దుప్పటి కప్పినట్టే. పక్క గోడకు మరీ ఆనిస్తే ఇంకో చిక్కుంది. తలుపు లంబకోణం వరకే తెరుచుకుంటుంది, సొరుగు బయటికి రాదు.

ధ్వని: ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో కావ్యానికి ధ్వనే ప్రాణమని సిద్ధాంతం చేశాడు. అర్ధరాత్రి ఫ్రిజ్‌లోంచి 'టప్' అంటే ప్లాస్టిక్ అరలు చలికి ముడుచుకున్నాయని అర్థం. గుడగుడ అంటే వాయువు గొట్టాల్లో తిరుగుతోందని. చుయ్‌మంటే హీటరు మీద నీటిచుక్క పడిందని. గడగడమని ఆగకుండా వణికితేనే అది వాచ్యార్థం, నేల సమంగా లేదన్నమాట. ఒక తలుపు ఎత్తుగా, మరొకటి దిగినట్టుగా కనిపించినా చాలాసార్లు జబ్బు అదే. ముందు కాళ్ళ మరను స్పానర్‌తో తిప్పి, ముందు భాగం రవ్వంత ఎత్తు చేస్తే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి.

పూర్వపక్షం: ఇన్ని చిక్కులుంటే ఎందుకు కొనాలి? సమాధానం ఉంది, అది దొడ్డదే. తలుపులు సగం సగం గనక తెరిచేటప్పుడు తక్కువ చోటు చాలు. ఇరుకు నడవలో అది వరం. మోకాళ్ళ నొప్పులున్నవారికి కూరలూ మంచూ రెండూ కళ్ళెదుటే ఉంటాయి, వంగనక్కర్లేదు. కరెంటు పోయినా నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకుంటే రెండు రోజులు, సగం నిండితే ఒక రోజు చలి నిలుపుకుంటుంది. కుడి పక్కకు మాత్రం నాలుగు గంటలే గడువు. కనక ఫ్రీజర్‌ను కుక్కవచ్చు, ఫ్రిజ్‌ను కుక్కకూడదు, అక్కడ గాలి తిరగాలి.

అనుష్ఠానం: తలుపు రబ్బరును నెలకోసారి గోరువెచ్చని సబ్బునీళ్ళతో తుడవడం, కాగితం పెట్టి మూసి లాగితే బిగువుగా వస్తోందో లేదో చూడడం, వెనక అడుగున ధూళి దులపడం. పదిహేను నిమిషాల పని.

తాత్పర్యం: రెండు తలుపులు గల శీతపేటిక ఇంటినిండా ఉన్నది. ఎడమ పక్క మంచు, కుడి పక్క పాలూ మజ్జిగా ఉన్నవి. నడుమ గోడ ఉన్నందున పులిహోర బేసిన్‌కు చోటు లేకపోయెను. షోరూముకు టేపు పట్టుకెళ్ళేవారు, ఇంట్లో అన్నిటికన్నా వెడల్పైన గిన్నెను కూడా సంచిలో వేసుకెళ్ళవలెను. అక్కడే కుడి తలుపు తీసి అందులో పెట్టి చూడండి, సేల్స్ కుర్రాడు ఏమనుకున్నా సరే.