కత్తెర పట్టిన అక్కాతమ్ముళ్లు

ఇంగ్లీషులో బౌడ్లరైజ్ అనే క్రియ ఒకటుంది. రోజువారీ మాటల్లో వినపడేది కాదు. ఒకరి పుస్తకంలోంచి పిల్లలు చదవకూడనివీ, ఆడవాళ్లు వినకూడనివీ ఏరిపారేసి, మిగిలినదాన్ని అసలు రచయిత పేరుతోనే అమ్ముకోవడమని దాని అర్థం. ఇంత ఘనకార్యానికి ఇంటిపేరు ధారపోసిన మహానుభావుడు థామస్ బౌడ్లర్. చదివింది వైద్యం, కోసింది షేక్‌స్పియర్‌ని.

1818లో ఆయన పేరుతో పది సంపుటాల ‘ఫ్యామిలీ షేక్‌స్పియర్’ వెలువడింది. ఇంటిపెద్ద గొంతెత్తి చదువుతుంటే భార్యాబిడ్డల్లో ఎవరూ తల దించుకునే పని పడకూడదన్నది ఆశయం. లేడీ మాక్‌బెత్ తన చేతికంటిన నెత్తుటి మరకను శపిస్తుంది కదా, ఆ శాపం కాస్తా పోయి అది ఉత్త ఎర్ర మరక అయింది. ఇంటికొచ్చిన రాజును నిద్రలో పొడిపించడానికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. నాలుగో హెన్రీ నాటకం రెండో భాగంలో డాల్ టేర్‌షీట్ అనే వేశ్య ఏకంగా గల్లంతయింది. ఒథెల్లో దగ్గరే కత్తెర మొండికేసింది. పెళ్లాం మీద అనుమానమే అక్కడ కథంతా. అది తీసేస్తే మిగిలేది చేతిరుమాలు. ఇక లాభంలేదని, ఆ నాటకాన్ని ముందుగదిలోంచి తీసి బీరువాలో పెట్టుకోమని సలహా ఇచ్చి ఊరుకున్నాడు.

బూతు తీయాలంటే ముందు బూతు తెలియాలి. మామూలు పాఠకుడు అర్థంకాక దాటిపోయే శ్లేష దగ్గర కూడా సంస్కర్త ఆగి, చప్పరించి, అప్పుడు కొట్టేయాలి. ఆ లెక్కన షేక్‌స్పియర్ సరసాన్ని బౌడ్లర్ ఇంట్లో చదివినంత శ్రద్ధగా ఇంకెవరూ చదివి ఉండరు.

‘ఇంట్లో’ అనడం ఊరికే కాదు. 1807లో బాత్ పట్టణంలో ఇరవై నాటకాలతో వచ్చిన తొలి కూర్పు థామస్‌ది కాదు, అక్క హెన్రియెట్టాది. పెళ్లికాని మర్యాదస్తురాలు ఆ మాటలన్నీ తనకు అర్థమయ్యాయని ఎలా ఒప్పుకుంటుంది? పుస్తకం మీద పేరే వేయలేదు. తర్వాత తమ్ముడి పేరెక్కింది. 1836 నాటికి ఇంటిపేరు క్రియగా మారిపోయింది, ఖాతా మాత్రం తమ్ముడిదే. మొదటి కోత కోసిన మనిషే అందరికంటే ముందు కోతకు గురైంది.

తెలుగువాళ్లు ఈ విద్యలో వెనకబడ్డారని ఎవరూ అనుకోనక్కర్లేదు. 18వ శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ వీరేశలింగం పంతులుగారికి మింగుడుపడలేదు. ఆడదాని నోట రాదగిన మాటలా అవి అన్నారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని అచ్చువేయిస్తూ పీఠికలోనే నిలదీసింది: సిగ్గూ ఎగ్గూ ఆడవాళ్లకేనా? ఇంతకంటే పచ్చిదైన ‘వైజయంతీ విలాసము’ను పంతులుగారే పరిష్కరించలేదా? వాదం తేలకముందే ఇంగ్లీషు సర్కారు దిగి, కత్తెర శ్రమ కూడా లేకుండా, మొత్తం పుస్తకాన్నే నిషేధించింది. టంగుటూరి ప్రకాశం చొరవతో ఆ నిషేధం తొలగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చువేశారు.

అదంతా పాతకాలపు చాదస్తం అనుకుంటే రే బ్రాడ్‌బరీ ఉన్నాడు. పుస్తకాలు తగలబెట్టడం మీద ఆయన రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ను ప్రచురణకర్తలు 1967 నుంచి బడిపిల్లలకోసమని గుట్టుచప్పుడు కాకుండా సవరించి అమ్మారు. రచయితకు ఆ సంగతి తెలియడానికి దశాబ్దం దాటింది. 2023లో రోఆల్డ్ డాల్ వంతు వచ్చింది. చాకొలెట్ ఫ్యాక్టరీ కథలో ఆగస్టస్ గ్లూప్‌ను ‘లావు’ అనకూడదట, ‘భారీ’ అనొచ్చట. కుర్రాడు మాత్రం ఒక్క గ్రాము తగ్గలేదు. పాఠకులు గోలపెట్టాక పఫిన్ సంస్థ రాజీకొచ్చింది: కొత్తదీ ఉంటుంది, పాతదీ ఉంటుంది, దేనికి బిల్లు దానిదే.