పోలికల సారు

కర్నూలు, కడప జిల్లాల ఇంజనీరింగు కళాశాలల్లో ప్రోగ్రామింగు బోధించే అధ్యాపకుల్లో ఒక విలక్షణమైన వ్యక్తి తప్పక తారసపడతాడు. కంటబడిన ఏ రెండింటిలోనైనా ఏది ముందో తేల్చనిదే ముద్ద దిగని ఆ మనిషిని పోలికల సారు అనడమే సబబు.

సారు వ్యసనానికి శాస్త్రీయమైన పునాది లేకపోలేదు. అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన లైబ్రరీ సీప్లస్‌ప్లస్ భాషలో చేరి, 1998 నాటి అంతర్జాతీయ ప్రమాణంతో స్థిరపడ్డాక, జాబితాను వరుసపెట్టే చాకిరీ అంతా ‘సార్ట్’ అనే సిద్ధమైన ఫంక్షనే చూసుకుంటోంది. ప్రోగ్రామరు చెప్పవలసింది ఒక్కటే: రెండు వస్తువులు చేతికిస్తే మొదటిది రెండోదానికన్నా ముందు రావాలా, అక్కర్లేదా? ఆ తీర్పు చెప్పే చిన్న ఫంక్షన్‌నే కంపారేటర్ అంటారు. 2011 ప్రమాణంలో లాంబ్డా, అంటే పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసుకునే ఫంక్షన్, వచ్చిన నాటినుంచి సారుకు పట్టపగ్గాలు లేవు.

కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డలు కొనబోయినా ఆయన మొదట సైజు, సైజులో సరిసమానమైతే ఆరుదల, అందులోనూ తేడా లేకపోతే ధర అంటూ షరతులు పేర్చుకుంటూ పోతాడు. ఈలోపు ఆ రాశిని వేరొకరు తూకం వేయించుకుని పోతారు. ఉగ్గాణి, బజ్జీ ఏ హోటల్లో మేలో తేల్చడానికి ఆయన సిద్ధం చేసిన కంపారేటర్‌లో చట్నీ కారానికి ప్రత్యేకమైన షరతు ఉంది గానీ, అది తేలేసరికి ఏ హోటల్లోనూ ఉగ్గాణి మిగలదు.

విద్యార్థులు కంపారేటర్‌లో ‘చిన్నది’ అనే గుర్తుకు బదులు ‘చిన్నది లేదా సమానం’ అనే గుర్తు వాడితే సారు ఎర్ర సిరాతో సున్న చుడతాడు, ఆ కోపమూ న్యాయమైనదే. ఏ వస్తువూ తనకన్నా తానే ముందని చెప్పకూడదన్నది సార్ట్ పెట్టిన నియమం. దాన్ని మీరితే సార్ట్ హద్దు తెలియక జాబితా దాటి పక్క మెమరీలోకి పోయి, ప్రోగ్రాము కుప్పకూలవచ్చు. పది పేర్లతో పరీక్షించినప్పుడు నిక్షేపంగా నడిచింది వెయ్యి పేర్లకు కూలవచ్చు గనుక, “ల్యాబులో పనిచేసింది గదా సార్” అనే జవాబు ఆయన దగ్గర చెల్లదు.

ఊళ్ల పేర్ల విషయంలో మాత్రం సారుకు చేతులెత్తి మొక్కాలి. 2022లో నంద్యాల విడిపోకముందరి కర్నూలు జిల్లా ఊళ్లను కంప్యూటరు తనంతట తాను వరుసపెడితే ఆలూరు, ఆళ్లగడ్డ, ఆస్పరి అని వస్తాయి. యూనికోడ్ సంకేతాల్లో ‘ళ’ను ‘ల’ పక్కనే కూర్చోబెట్టడమే ఇందుకు కారణం. బడిలో నేర్చిన వర్ణమాలలో ‘ళ’ స్థానం ‘హ’ తర్వాత గనుక ఆస్పరి ముందూ, ఆళ్లగడ్డ వెనకా రావాలని పట్టుబట్టి, అందుకోసం ప్రత్యేకంగా కంపారేటర్ రాసిపెట్టేది ఆయనొక్కడే. నిఘంటుకర్త బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసిన కడపలో ఈ పట్టుదలను చాదస్తమనే సాహసం ఎవరూ చేయరు.

అయితే ఇంట్లో పెళ్లి కుదిరి, శుభలేఖలో పేర్ల వరుసను కూడా సార్ట్‌కు అప్పగించినప్పుడే సారు విద్యకు అసలు పరీక్ష ఎదురవుతుంది. వయసు ప్రకారం చిన్నాయన కంటే పెదనాయన ముందు. ఇంటిపేరు ప్రకారం మేనమామ కంటే చిన్నాయన ముందు. పెట్టిన బంగారం ప్రకారం పెదనాయన కంటే మేనమామ ముందు. విడివిడిగా మూడు తీర్పులూ ధర్మమే గానీ, కలిపితే గుండ్రంగా తిరుగుతాయి గనుక ఏ వరుసా పొసగదు. జావా భాషలోనైతే, 2011లో వచ్చిన ఏడో వెర్షన్ మొదలు, పోలిక ఒప్పందం తప్పిందని సార్ట్ మొరాయించే అవకాశమైనా ఉంది. సీప్లస్‌ప్లస్ నోరు మెదపకుండా ఏదో ఒక వరుస చేతిలో పెడుతుంది. అచ్చయ్యాక బంధువులు నోరు మెదుపుతారు.

కంపారేటర్ దృష్టిలో సమానమైన ఇద్దరిని మొదటి జాబితాలోని వరుసలోనే ఉంచుతానని మామూలు సార్ట్ హామీ ఇవ్వదు. ఆ హామీ ‘స్టేబుల్ సార్ట్’ది. సారు పాఠంలో ఈ భేదాన్ని గంటసేపు వివరించి, శుభలేఖ దగ్గర మాత్రం మామూలు సార్టే వాడినందువల్ల, జేజి చెప్పిన జాబితాలో ముందున్న పెద్ద చిన్నాయన వెనక్కి పోయి, మండపానికి రానని భీష్మిస్తాడు. “పెద్దోడి పేరు ముందేసి, మిగతాది ఎవురు అలుగుతారో సూసుకోని రాయి నాయనా” అని జేజి ఒక్క మాటలో తేల్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

వరుసపెట్టే పని లైబ్రరీ నేర్చింది గానీ, ఎవరు ముందన్నది మనిషే చెప్పాలి. కాబట్టి ఊళ్ల జాబితా అకారాది క్రమంలో కావలసినవారు నిస్సంకోచంగా పోలికల సారునే పిలవవచ్చు. శుభలేఖ అచ్చు వేయించేవారు మాత్రం ముందు జేజిని అడగడం మంచిది.