బ్రోషర్లో కుటుంబం

బ్రోషర్ మొదటి పేజీలో ఒక కుటుంబం ఉంటుంది. తండ్రి తెల్ల లినెన్ చొక్కాలో, తల్లి విరబోసిన జుట్టుతో, కొడుకొకడు, కూతురొకతె, వెనకాల బొచ్చుకుక్క. అందరూ పచ్చిక మీద నవ్వుతూ పరిగెడుతుంటారు. ఎటు పరిగెడుతున్నారో చెప్పలేం. ఈఎంఐ తేదీ వెంటపడుతోందేమో. వాళ్లకు ఆఫీసు లేదు, ట్యూషన్ లేదు, మోకాళ్ల నొప్పుల అత్తగారు లేరు. మంచినీళ్ల ట్యాంకర్ వచ్చిందా అని వాచ్‌మన్‌కి ఫోన్ చేసే అవసరం అంతకన్నా లేదు. హైదరాబాదు పడమటి శివార్లలో, అంటే కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, నల్లగండ్లల్లో లేచిన టవర్లన్నీ ఈ నలుగురి కోసం కట్టినవే. కట్టినవాళ్లు వీళ్ల కోసం ఎదురుచూశారు. వీళ్లు రాలేదు. మనం వెళ్లాం.

కొత్తగా ఈ ఊరికి బదిలీ అయినవాళ్లు, విజయవాడ నుంచో బెంగళూరు నుంచో డాలస్ నుంచో, ముందుగా ఒక ఎక్సెల్ షీటు తెరుస్తారు. శివార్ల పేర్లు ఒకవైపు. ఇంటర్నేషనల్ స్కూలు, కార్పొరేట్ ఆసుపత్రి, మాల్, ఔటర్ రింగు రోడ్డు ఎక్కే చోటు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఇంకోవైపు. ఫేసింగ్‌కి విడిగా ఒక గడి, దానికి వీటో అధికారం. మార్కులన్నీ కూడి, ఎక్కువ వచ్చినదాన్ని 'ఫ్యామిలీ ఫ్రెండ్లీ' అని తేలుస్తారు. ఎయిర్‌పోర్టు దూరానికి మార్కులున్న ఆ షీటులో బస్టాపు దూరానికి గడి ఉండదు. ఏడాదికి రెండుసార్లు విమానం ఎక్కే తండ్రి కోసం ఊరి దిక్కే మారిపోతుంది. రోజూ సాయంత్రం గుడికి నడిచి వెళ్లే తల్లిని మాత్రం ఎవరూ అడగరు. ఆవిడ కూడా ఆ కుటుంబంలో మనిషే కదా అంటే, "అమ్మకేంటండీ, క్లబ్‌హౌస్‌లో యోగా ఉంది" అంటారు.

దూరాల విషయంలో బిల్డర్లది వేరే భూగోళం. అక్కడ ప్రతిదీ అయిదు నిమిషాలే. ఔటర్ రింగు రోడ్డు మొత్తం పొడవు 158 కిలోమీటర్లు. దాని మీద ఎక్కడ దిగినా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పదిహేను నిమిషాలే అని చెప్పగలిగే సేల్స్ కుర్రాళ్లున్నారు. ఆ పదిహేను నిమిషాలు ఆదివారం ఉదయం ఆరు గంటలవి. సోమవారం ఉదయం తొమ్మిదికి ఎంతని అడిగితే, "మెట్రో వస్తోంది సార్" అంటాడు. 2017 నవంబరులో మొదలైన మెట్రో రాయదుర్గం దాకా వచ్చి ఆగింది. అక్కణ్నుంచి టవర్ల దాకా ఉన్న ఖాళీని బ్రోషర్లో గీసిన ఎర్ర గీత పూడ్చేసింది.

రియల్ ఎస్టేట్ వ్యాపారానికి కళ్లెం వేసే రెరా చట్టం వచ్చింది 2016లో. ప్రకటనలో అబద్ధం రాసి, దాన్ని నమ్మి డబ్బు కట్టినవాడు నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలని దాని పన్నెండో సెక్షన్ చెబుతోంది. చదరపు అడుగులు తగ్గితే కొలిచి చూపించవచ్చు. కుటుంబానికి అనుకూలం అన్న మాటను ఏ టేపు పెట్టి కొలుస్తారు? అంత పెద్ద అబద్ధం చెప్పడానికి అంత భద్రమైన మాట మరొకటి దొరకలేదు కాబోలు.

అయితే బిల్డర్ని అంటే సరిపోదు. అతను అమ్మేవాడు, ఏది కొంటామో అదే అమ్ముతాడు. మనం కొనేది షీటులో ఉండదు. అది ఫోన్లో, గొంతు ఒక మెట్టు దించి చెప్పుకునేది: "అక్కడ బావుంటుందండీ, అంతా మనవాళ్లే." ఆ మాటతో స్కూలూ ఆసుపత్రీ స్విమ్మింగ్ పూలూ వెనకబెంచీకి వెళ్లిపోతాయి. మనవాళ్లంటే ఎవరండీ అని అడిగి చూడండి. "అంటే, డీసెంట్ క్రౌడ్." డీసెంట్ క్రౌడ్ అంటే? "అదేనండీ, ఫ్యామిలీస్." ఈ ప్రదక్షిణం ఎన్నిసార్లు చేయించినా అవతలివాళ్ల నోటి నుంచి కులం పేరు గానీ మతం పేరు గానీ రాదు. అంత సంస్కారం వాళ్లది.

అద్దె ఇల్లయితే ఈ సంస్కారం ఇంకా సూటిగా ఉంటుంది. ఓనరు మొదట అడిగేది జీతం కాదు, ఫుల్ నేమ్. ఇంటిపేరు విని కూడా లెక్క తేలకపోతే "మీరు ఏమిట్లు?" అంటాడు. లెక్క కుదిరితే "రేపే రండి, ఇల్లు చూపిస్తాం". కుదరకపోతే "అయ్యో, పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారండీ". ముస్లిం పేరు చెప్పినవాళ్లకు ఈ నగరంలో ప్రతి ఇంటికీ పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు. ఆ ఇచ్చినవాళ్లు ఎన్ని నెలలైనా దిగరు, టులెట్ బోర్డు మాత్రం ఊగుతూనే ఉంటుంది. తర్వాతి ప్రశ్న "నాన్‌వెజ్ వండుతారా?" అడిగేది ఏ ఊళ్లో? వీధికో బిర్యానీ పాయింటున్న హైదరాబాదులో. అడిగే ఓనరే శనివారం రాత్రి జంబో ప్యాక్ తెప్పించుకుంటాడు. ఆయనకు కూర వాసనతో పేచీ లేదు, వండేవాళ్లెవరన్నదే పేచీ. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న తల్లి వెళితే "మీ వారు ఎప్పుడొస్తారమ్మా?" రారని చెబితే ఆ ముగ్గురూ కుటుంబం లెక్కలోంచి అక్కడికక్కడే జారిపోతారు. ముగ్గురు మనుషులు ఒకే ఇంట్లో తిని, ఒకే ఇంట్లో పడుకుని, ఒకరికి జ్వరమొస్తే మిగతా ఇద్దరూ మేలుకునే ఏర్పాటును మరేమంటారో ఆ ఓనరే చెప్పాలి.

గేటెడ్ కమ్యూనిటీ గోడ లోపలికి వెళ్లాక గేటు యాప్ ఉంటుంది. వచ్చినవాళ్లెవరైనా మూడు రకాల్లో ఒకటి కావాలి: గెస్ట్, డెలివరీ, హౌస్ హెల్ప్. తెనాలి నుంచి తాతగారొకరు చెప్పాపెట్టకుండా వచ్చారనుకుందాం. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఆవకాయ జాడీ. గేటు దగ్గరి ఒడియా కుర్రాడు జాడీని చూశాడు, 'డెలివరీ' నొక్కాడు. పైన ఫ్లాట్‌లో కొడుకు మీటింగులో ఉండి, ఏం వచ్చిందో చూడకుండానే 'అప్రూవ్' నొక్కాడు. ఇక తాతగారు సర్వీసు లిఫ్టులోనే వెళ్లాలి. మెయిన్ లిఫ్టు దగ్గర నోటీసు స్పష్టంగా ఉంది, పనివాళ్లూ డెలివరీవాళ్లూ అందులో ఎక్కకూడదు. సర్వీసు లిఫ్టులో చెత్తడబ్బాల మధ్య నిలబడ్డ ఆయన్ని, పై అంతస్తులో అంట్లు తోమే మనిషి చూసి "ఏ ఊరు తాతా మీది?" అంది. ఆ టవర్లో ఆయన్ని అలా పలకరించింది ఆవిడొక్కతే. ఆ నోటీసు రాసిన కమిటీకి ఆవిడ కూడా ఒక కుటుంబం మనిషే అన్న సంగతి తట్టలేదు.

ఆవిడ సంగతే చూద్దాం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఉచితమైన బస్సు ఈ గేటు దగ్గరికి రాదు. ఎక్కడో మెయిన్ రోడ్డు మీద దిగి, ఫుట్‌పాత్ లేని చోట టిప్పర్ల పక్కగా నడిచి వస్తుంది. ఆ బస్సు గేటు దాకా రావాలని అడిగేవాళ్లు లోపల లేరు, ఇంటికి రెండేసి కార్లున్నాయి. కొత్తిమీర బండి రాదు. వీధి వ్యాపారుల హక్కుల చట్టం 2014లో వచ్చింది గానీ అది గేటు బయటే ఆగిపోయింది. పదేళ్ల పిల్లవాడికి పది రూపాయలిచ్చి కరివేపాకు తెమ్మంటే తేలేడు, కొట్టుకి కారులో వెళ్లాలి. వాడు చేయగలిగిందల్లా యాప్‌లో ఆర్డరివ్వడం. పది నిమిషాల్లో తెచ్చిచ్చే కుర్రాడు బండి మీద వస్తాడు, సర్వీసు లిఫ్టెక్కుతాడు. ఇక ఆటల మాటకొస్తే, పోడియం మీద రబ్బరు పరిచిన కిడ్స్ జోన్ ఉంది. క్రికెట్ నిషేధం, సైకిల్ నిషేధం, రాత్రి ఎనిమిది దాటితే కేకలు నిషేధం. నిషేధాలన్నీ పాటించే పిల్లవాడు బ్రోషర్లో ఒక్కడున్నాడు.

లేక్ వ్యూ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ ఊళ్లో వేల కుటుంబాలు కొట్టుకుపోయాయి. మళ్లీ అలా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన రెండు ఆనకట్టలు కట్టారు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అంటే ఈ నగరంలో కుటుంబాల మేలు కోరి చేసిన అతి పెద్ద పని బహుశా అదే. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దని 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో ఆ ఆంక్షలు తీసేస్తున్నామని ఇంకో జీవో ఇచ్చారు. మర్నాడే పొలాల్లో 'లేక్ వ్యూ విల్లాస్' బోర్డులు మొలిచాయంటే నేను నమ్ముతాను. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత ధర పెట్టిన నేల మీద పిల్లల ఆటస్థలానికి ఎంత వదులుతారో లెక్కకట్టడానికి ఎక్సెల్ అక్కర్లేదు. అవతల 2020 అక్టోబరు వానకు, చెరువుల పక్కనా చెరువుల్లోనూ వెలిసిన కాలనీల్లో వీధుల్లో పడవలు వేయాల్సొచ్చింది. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్‌డోజర్లు బయల్దేరాక గానీ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్ అన్న మాటలు మన డ్రాయింగ్ రూముల్లోకి రాలేదు. అప్పటిదాకా ఈశాన్యం పెరిగిందా లేదా అని చూశాం. నీళ్లు ఏ దిక్కునుంచి వస్తాయో వాస్తు సిద్ధాంతిని ఎవరూ అడగలేదు.

ఈ ఊళ్లో వేరే పద్ధతి లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో కాలనీ వేసినప్పుడు ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఇళ్లు కట్టింది. తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం, ముగ్గురూ ఒకే కాలనీ. ఇప్పటికీ కేపీహెచ్‌బీలో చిరునామా చెప్పేటప్పుడు ఆ అక్షరాలు వాడతారు. గుమాస్తా కొడుకూ ఇంజనీరు కొడుకూ ఒకే గ్రౌండులో తన్నుకుని, ఒకే బస్సెక్కి కాలేజీకి వెళ్లారు. కేపీహెచ్‌బీ స్వర్గమని చెప్పడం లేదు. అక్కడి ఫుట్‌పాత్‌లు బట్టల కొట్ల కింద ఎప్పుడో సమాధి అయ్యాయి, కారు పెట్టడానికి చోటు దొరికితే ఆ రోజు పండగ. కానీ అక్కడ అరవై ఏళ్ల మనిషి ఎవరినీ అడక్కుండా ఇల్లు దాటి మందులు కొనుక్కుని తిరిగి రాగలదు.

గోడల్లోకి వెళ్లేవాళ్లందరూ మూర్ఖులేమీ కాదు. బయట నడవడానికి దారి లేదు, వీధి లైటు వెలగదు, చీకటి పడ్డాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి వస్తుంటే గుండె గుప్పిట్లో ఉంటుంది. ఇవన్నీ లోపల డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు, చదరపు అడుగుకు ఇంతని నెలనెలా మెయింటెనెన్స్ కడితే చాలు. నా కోపమంతా ఆ తర్వాత జరిగేదాని మీద. ఊళ్లో గట్టిగా అడగగలిగిన చదువుకున్నవాళ్లు, ఫోన్ చేస్తే కమిషనరు ఎత్తేవాళ్లు, తమ లైట్లు తమ జనరేటరు మీద వెలిగించుకుని ఊరిని అడగడం మానేశారు. బయట రోడ్డు ఇంకా పాడైంది. పాడైన రోడ్డును చూపించి సేల్స్ కుర్రాడు తర్వాతి ఫేజు అమ్ముతున్నాడు.

ఇక బ్యాచిలర్ల సంగతి. ఫ్యామిలీస్‌కి మాత్రమే ఇవ్వాలని తీర్మానం చేసిన అసోసియేషన్లు కోకొల్లలు. బ్యాచిలర్ అనే ప్రమాదకరమైన ప్రాణి ఎక్కణ్నుంచో వచ్చి పడుతుందని వాళ్ల అభిప్రాయం. నిజానికి ఆ ప్రాణి ప్రతి మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌లోనూ ఒక గదిలో పెరుగుతూనే ఉంటుంది. ఒక ఓనరు గారినే ఊహించుకోండి. ఆయనకు పుణేకి బదిలీ అయింది, భార్య కూడా వెళ్లింది. కొడుక్కి ఇక్కడే మొదటి ఉద్యోగం. సొంత ఫ్లాటే కదా, ఇద్దరు క్లాస్‌మేట్లను తోడు పెట్టుకుని ఉంటానన్నాడు. మూడోరోజే సెక్రటరీ నుంచి మెయిల్: ముగ్గురు పెళ్లికాని మగపిల్లలు ఒక ఫ్లాట్‌లో ఉండటం బైలాస్‌కి విరుద్ధం. ఓనరు గారు మండిపడి, ఇంత దిక్కుమాలిన రూలు పెట్టిందెవడని పుణే నుంచి నిలదీశారు. సెక్రటరీ పాత మినిట్స్ పుస్తకం ఫొటో తీసి పంపాడు. ప్రతిపాదించినవారు అన్న చోట ఆయన సంతకమే ఉంది.